బరువు తీసేసిన చక్రం

ఫ్లైవీల్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక బరువైన చక్రం, అంతే. కదిలించడం కష్టం, ఒకసారి కదిలాక ఆపడమూ కష్టం. దాని ఉద్యోగమంతా ఆ మొండితనమే. కుమ్మరి సారె చేసేది ఇదే పని. కర్రతో నాలుగుసార్లు తిప్పి వదిలితే, కుండ లేచేదాకా తన బరువుతో తనే తిరుగుతుంది. ఇసుర్రాయి కూడా అంతే. విసిరే చెయ్యి అలిసి ఓ క్షణం తడబడినా పైరాయి తడబడదు. కారు ఇంజిన్ వెనక, క్లచ్‌కి ఆనుకుని తిరిగే ఇనప చక్రం ఆ వంశంలోదే.

పెద్ద కొడప్‌గల్ వైపు ఊళ్లకి ఈ యంత్రం కారుతో కలిసి రాలేదు, అంతకంటే చాలా ముందే వచ్చింది. 1923లో మంజీర మీద మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కానీ కాలువ నీళ్లు ఎక్కని మిట్ట చేలకి ఎప్పటికీ బావే దిక్కు. బావి మీద ముందు మోట, ఆ తర్వాత ఆయిల్ ఇంజిన్, ఆ తర్వాతే కరెంటు మోటారు. తెలంగాణ పల్లెల్లో ఎన్నో గిర్నీలు నడిచింది కూడా ఆ ఇంజిన్ మీదే.

ఆ ఇంజిన్ల పూర్వీకుల్లో ఒకటి ఇంగ్లండ్‌లో డర్స్‌లీ అనే చిన్న పట్టణంలో పుట్టింది. లిస్టర్ కంపెనీ 1929 ప్రాంతంలో తెచ్చిన సీఎస్ ఇంజిన్ అది. రాజ్‌కోట్ వర్క్‌షాపులు అదే నమూనాలో దశాబ్దాలపాటు ఇంజిన్లు చేశాయి. ఒకటే సిలిండర్, ఆరు హార్స్‌పవర్, నిమిషానికి 650 చుట్లు. నాలుగు స్ట్రోకుల్లో బలం పుట్టేది ఒక్కదాంట్లోనే. మిగతా మూడింటినీ లాక్కెళ్లేవి ఇంజిన్‌కి రెండు పక్కలా ఉండే ఆ పెద్ద ఫ్లైవీళ్లు. ఆ బరువు లేకపోతే "టుక్... టుక్" అనే ఆ తీరిక చప్పుడు రెండోసారి వినబడదు. ఇంజిన్ మొదటి దెబ్బకే ఆగిపోతుంది.

మరి అంత అవసరమైన బరువుని కార్లవాళ్లు ఎందుకు తీసేస్తున్నారు? కారణం ఉంది. కారుకి సాధారణంగా మూడు, నాలుగు సిలిండర్లుంటాయి, ఒకటి ఊరుకున్నప్పుడు ఇంకోటి తోస్తుంది. కాబట్టి ఫ్లైవీల్ కొంచెం తేలికైనా బండి నడుస్తుంది. పైగా యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ గబుక్కున లేస్తుంది. రేసుల్లో అది నిజంగా లాభమే. అక్కడి నుంచి ఆ మోజు వీధి కార్లకి పాకింది. మార్కెట్లో అల్యూమినియం ఫ్లైవీళ్లు వచ్చాయి. అంత డబ్బు పెట్టలేనివాళ్లు పాతదాన్నే లేత్ మీద పెట్టి చెక్కించుకున్నారు.

ఇక్కడే లెక్క చూడాలి. తిరిగే చక్రం అంచులో పుట్టే లాగుడు, అంచు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండడుగుల చక్రం నిమిషానికి 650 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకి సుమారు 21 మీటర్లు పోతుంది. 28 సెంటీమీటర్ల కారు ఫ్లైవీల్ 7,000 చుట్లు తిరిగితే ఆ వేగం 103 మీటర్లు. వేగం ఐదు రెట్లే, లాగుడు మాత్రం దాదాపు 24 రెట్లు. అంచుని పలచగా చెక్కితే ఈ లాగుడు తగ్గుతుందనుకోవద్దు. లోహం తగ్గినంత మేరా దాన్ని పట్టి ఉంచే బలమూ తగ్గుతుంది. పైగా చెక్కిన చోట మిగిలిన పదునైన మూలలు, కొత్తగా వేసిన రంధ్రాలు పగుళ్లకి పుట్టిళ్లు.

ఇక వేడి సంగతి. క్లచ్ జారినప్పుడల్లా ఫ్లైవీల్ కాగుతుంది. తక్కువ లోహం తొందరగా కాగుతుంది. పోత ఇనుము మీద సన్నని వేడి పగుళ్లు లేస్తాయి. అల్యూమినియం చక్రానికి ఉక్కు పలకని రివెట్లతోనో బోల్టులతోనో బిగిస్తారు. వేడికి అల్యూమినియం ఉక్కుకంటే రెట్టింపు సాగుతుంది. సాగడం, ముడుచుకోవడం వేలసార్లు జరిగాక బిగింపు వదులవుతుంది. ఆ తర్వాత ఏదో ఒక రోజు గేరు మార్చబోతుండగా విరగొచ్చు. ముక్కలు పోయే దారిలో డ్రైవర్ కాళ్లుంటాయి.

ఇది కొత్తగా తెలిసిన ప్రమాదం కాదు. 19వ శతాబ్దపు మిల్లుల్లో స్టీమ్ ఇంజిన్ల ఫ్లైవీళ్లు పగిలి గోడలు చీల్చుకుపోయేవి. గవర్నర్ బెల్టు జారితే చాలు, ఇంజిన్ అదుపు తప్పేది. అందుకే పోత ఇనప చక్రం అంచు నిమిషానికి ఒక మైలు మించకూడదని ఒక నాటు నియమం పెట్టుకున్నారు. అంటే సెకనుకి సుమారు 27 మీటర్లు. 1890ల చివర్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బెంజమిన్ అనే ప్రొఫెసర్ చిన్న చక్రాలు పోతపోయించి, కావాలని పగిలేదాకా తిప్పాడు. అతుకు లేని అంచుకంటే అతుకు ఉన్న అంచు చాలా తక్కువ వేగానికే పగులుతుందని తేలింది.

ఇదే పాఠాన్ని డ్రాగ్ రేసింగ్ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలో లయన్స్ డ్రాగ్ స్ట్రిప్ మీద డాన్ గార్లిట్స్ కారులో ట్రాన్స్‌మిషన్ పేలి, ఆయన పాదంలో కొంత భాగం పోయింది. పేలింది ఫ్లైవీల్ కాదు, దాని పొరుగు. అయినా తిరిగే ఇనుము మీద కాళ్లు పెట్టుకుని కూర్చోవడమంటే ఏమిటో ఆ రోజు అందరికీ అర్థమైంది. మరుసటి ఏడాదికి గార్లిట్స్ ఇంజిన్‌ని తన వెనక్కి జరిపేశాడు. 1978లో ఎస్‌ఎఫ్‌ఐ అనే సంస్థ విడిగా ఏర్పడింది. దాని ప్రమాణాల్లో 1.1 ఫ్లైవీల్, క్లచ్‌లకి, 6.1 అవి పగిలితే ముక్కల్ని ఆపే కవచానికి. చక్రం తేలిక కావచ్చు, కానీ తిప్పి పరీక్షించి ఉండాలి, దాని చుట్టూ కవచమూ ఉండాలి.

మన దగ్గరికి ఆ తేలిక ఒక్కటే వచ్చింది. పరీక్షా రాలేదు, కవచమూ రాలేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కింద, తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని చెప్పింది. మంచిదే. కానీ ఆ తీర్పుతో పట్టుకోగలిగేది కంటికి కనబడేవాటినే: వెడల్పు టైర్లని, అరిచే సైలెన్సర్లని. గేర్‌బాక్సు విప్పితే తప్ప ఫ్లైవీల్ ఎవరికీ కనబడదు.

సంగారెడ్డి నుంచి అకోలా పోయే 161వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు పెద్ద కొడప్‌గల్ మీదుగానే సాగుతుంది. ఆ రోడ్డు మీద ఏ కారుకైనా వేగం అందుతుంది. ఆయిల్ ఇంజిన్ దగ్గర నిలబడ్డ రైతుకి తిరిగే చక్రం కళ్లెదుటే ఉండేది. ఎంత దూరంలో నిలబడాలో, పంచె ఎక్కడిదాకా ఎగ్గట్టాలో చూసి నేర్చుకునేవాడు. కారులో చక్రం దాక్కుంది, భయమూ దాక్కుంది. లేత్ మీద చెక్కించే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ చక్రాన్ని ఇంతకు ముందు పగిలేదాకా తిప్పి చూసినవాళ్లెవరైనా ఉన్నారా? లేకపోతే ఆ ప్రయోగం రోడ్డు మీదే జరుగుతుంది, మన కాళ్ల పక్కనే.