మొద్దబ్బాయి నెత్తుటిలో సీసం

తెలుగువాడికి సీసం అనగానే ముందు శ్రీనాథుడు గుర్తొస్తాడు. ఆ తర్వాత చెవుల్లో పోసే సీసం. ఈ వ్యాసం మూడో సీసం గురించి. దీన్ని ఎవరూ పొయ్యరు. గాలితో, దుమ్ముతో, అన్నం ముద్దతో తనంతట తానే లోపలికి పోయి ఎముకల్లో కాపురం పెడుతుంది. పదో తరగతి కుర్రాడు పుస్తకం ముందు కూర్చుని పది నిమిషాలకే లేచిపోతుంటే వాడికి చదువు అబ్బలేదంటాం. ఇంకా కోపం వస్తే మొద్దు అంటాం. వాడి నెత్తురు ఒకసారి పరీక్ష చేయిద్దామని మాత్రం తోచదు.

మన దేశంలో ఆ పని పెద్దయెత్తున తలపెట్టింది బెంగళూరు నుంచే. 1990ల బెంగళూరు అంటే ఇంకా పెన్షనర్ల ఊరే. సాఫ్ట్‌వేర్ కంపెనీలు అప్పుడప్పుడే బోర్డులు కడుతున్నాయి. రోడ్ల మీద మాత్రం ఆటోలు, స్కూటర్లు కుప్పలుగా పెరిగిపోయాయి. ఆ బండ్లు తాగిన పెట్రోలులో సీసం ఉండేది. దాన్ని పెట్రోలులో కలిపే చిట్కా అమెరికాది. ఇంజిన్ టకటక కొట్టుకోకుండా టెట్రాఇథైల్ లెడ్ పనికొస్తుందని 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టాడు. అమ్మకానికి పెట్టినప్పుడు పేరులో సీసం ఊసెత్తకుండా 'ఇథైల్' అన్నారు. కనిపెట్టినాయనకే సీసం ఒంటికి పట్టి 1923లో సెలవు పెట్టి విశ్రాంతికి వెళ్లాల్సి వచ్చింది. అయినా ఆ పెట్రోలు ప్రపంచమంతా పాకింది. బండి పొగగొట్టంలోంచి సన్నటి ధూళిగా బయటపడిన సీసం రోడ్డు పక్క మట్టిలో, బడి ఆవరణలో, కిటికీ ఊచల మీద పేరుకుంది.

సైన్యంలో పనిచేసి, అమెరికా వెళ్లి వ్యాపారంలో గడించి, 1995లో తిరిగొచ్చిన అబ్రహాం జార్జ్ బెంగళూరు కేంద్రంగా ఒక ఫౌండేషన్ పెట్టారు. ఆ ఫౌండేషన్ 'ప్రాజెక్ట్ లెడ్ ఫ్రీ' పేరుతో పెద్ద నగరాల్లో వేల మంది పిల్లల రక్తం పరీక్ష చేయించింది. మన హైదరాబాదూ అందులో ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో, అంటే చిన్న టీ కప్పుడు నెత్తురులో, 10 మైక్రోగ్రాముల సీసం దాటితే ప్రమాదమని అప్పటి లెక్క. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. పన్నెండేళ్ల లోపు పిల్లల్లో 51 శాతం మంది ఆ గీత దాటేశారు. సగానికి పైనే అన్నమాట! 1999 ఫిబ్రవరిలో బెంగళూరులోనే అంతర్జాతీయ సదస్సు పెట్టి ఈ లెక్కను దేశం ముందుంచారు.

ఆ రక్తపరీక్షల వెనుక ఉన్న శాస్త్రవేత్త సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ బయోకెమిస్ట్రీ ఆచార్యులు డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్. సీసం విషానికి జాతీయ స్థాయి రిఫరల్ కేంద్రం ఆ కాలేజీలోనే వెలిసింది. పత్రికలు ఆయన్ను 'లెడ్ మ్యాన్' అని పిలిచాయి. బిరుదు కొంచెం మొరటుగా ఉంది కానీ, దేశంలో ఎవరూ పట్టించుకోని లోహం వెంట అన్నేళ్లు పడ్డ మనిషికి సరిపోయింది.

2000 సంవత్సరంలో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. ఉత్తర్వులతో, రిఫైనరీల్లో చేసిన మార్పులతో కోట్ల మంది పిల్లలకు మేలు జరిగింది. మన ప్రజారోగ్య చరిత్రలో ఇంత తక్కువ చప్పుడుతో ఇంత పెద్ద పని ఇంకోటి జరిగిందా అంటే నాకు వెంటనే గుర్తురావడం లేదు. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో మానేసింది. మనం ఇరవై ఏళ్లు ముందే మేలుకున్నాం.

అంతటితో కథ అయిపోయిందనుకున్నాం. పొరపాటు అక్కడే జరిగింది.

సీసం మెదడును ఎలా దెబ్బతీస్తుందో చూద్దాం. ఒంటికి అది క్యాల్షియం వేషం కట్టి కనిపిస్తుంది. క్యాల్షియానికి తెరిచే తలుపులన్నీ దీనికీ తెరుచుకుంటాయి. పెద్దవాళ్ల పేగుల్లోకి పోయిన సీసంలో పదో వంతు ఒంటికి పడితే, చిన్నపిల్లల్లో సగం దాకా పడుతుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే ఇంకా ఎక్కువ. రక్తంలో నెలో రెండు నెలలో తిరిగి, తర్వాత ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. కౌమారం వచ్చేసరికి మెదడు తనను తాను సరిచేసుకునే పనిలో పడుతుంది. వాడని తీగలు కత్తిరిస్తుంది, వాడే తీగలకు పూత వేస్తుంది. నుదుటి వెనకున్న భాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ముదరదు. ఒక పని మీద మనసు నిలపడం, ముందూ వెనకా ఆలోచించడం, కోపాన్ని పళ్ల బిగువున ఆపుకోవడం, అన్నీ ఆ భాగం చూసుకునే పనులే. సీసం దెబ్బ బాగా తగిలేదీ అక్కడే.

ఇది పైకి కనిపించదని, కాలంతోనే బయటపడుతుందని చూపినవాడు అమెరికా వైద్యుడు హెర్బర్ట్ నీడిల్‌మన్. బోస్టన్ పక్క ఊళ్లలో ఒకటీ రెండూ తరగతుల పిల్లల దగ్గర ఊడిపోయిన పాలపళ్లు సేకరించాడు. మన పిల్లలైతే ఇంటి కప్పు మీదికి విసిరేసే పళ్లు! వాటిలో సీసం కొలిచి, చూడ్డానికి ఏ జబ్బూ లేని ఆ పిల్లల తెలివితేటల్ని, క్లాసులో నడవడికను పోల్చి 1979లో ప్రచురించాడు. అసలు కథ 1990లో తేలింది. పదకొండేళ్ల తర్వాత అదే పిల్లల్ని వెతికి పట్టుకుంటే, పళ్లలో సీసం ఎక్కువున్నవాళ్లు హైస్కూలు మధ్యలో మానేసే అవకాశం మిగతావాళ్లకన్నా సుమారు ఏడు రెట్లు ఉంది. రెండో తరగతి నాటి పన్ను పదో తరగతి జాతకం చెప్పింది.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఇంకా ఓపికైన పని జరిగింది. 1972–73లో పుట్టిన పిల్లలకు పదకొండో ఏట రక్తంలో సీసం చూశారు. సగటు 11 మైక్రోగ్రాములకు కాస్త అటూ ఇటూ. వాళ్లకు 38 ఏళ్లు వచ్చాక ఐక్యూ కొలిస్తే, ప్రతి 5 మైక్రోగ్రాముల అదనపు సీసానికీ 1.61 పాయింట్లు తరుగు కనిపించింది. మన పిల్లల్లో సగానికి పైగా దాటింది 10 గీత. 1990ల చివర పరీక్షకు చెయ్యి చాపిన ఆ పిల్లలిప్పుడు నడివయసుకు దగ్గరపడుతున్నారు. కొందరు ఇదే బెంగళూరులో మెడలో ఐడీ కార్డు వేసుకుని తిరుగుతూ ఉండొచ్చు. ఒకటి రెండు పాయింట్లు ఒక్క మనిషికి లెక్కలోకి రాకపోవచ్చు. కోట్ల మందికి ఒకేసారి తరిగితే అది దేశం లెక్క.

ఆ గీత కూడా నిలకడగా లేదు. అమెరికాలో 1960ల్లో 60 దాకా ఫర్వాలేదన్నారు. 1971లో 40 అన్నారు, తర్వాత 30, 25. 1991లో 10, 2012లో 5, 2021లో 3.5. అంతకన్నా తక్కువైనా క్షేమం కాదు. ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో నూరేళ్లు నడిచి 2001లో మూతపడ్డ ఫెర్రో అల్లాయ్ కర్మాగారాల దగ్గర 11–14 ఏళ్ల పిల్లల్ని పరీక్షించారు. పరిశోధకుల అనుమానం మాంగనీస్ మీద. దాని జాడ పిల్లల చేతి వణుకులో, వాసన పట్టే శక్తిలో కనిపించింది. తెలివితేటల దగ్గర మాత్రం దొంగగా దొరికింది సీసం. ఆ పిల్లల రక్తంలో ఉన్న సీసం సగటున 1.7 మైక్రోగ్రాములే!

మళ్లీ బెంగళూరుకొద్దాం. పెట్రోలులోంచి పోయిన సీసం ఇప్పుడు ఎక్కడుంది? ముఖ్యంగా బ్యాటరీల్లో. ప్రపంచంలో వాడే సీసంలో నూటికి ఎనభైకి పైగా వాటికే పోతుంది. బండికి బ్యాటరీ, ఇంటికి ఇన్వర్టర్, ఆఫీసుకి యూపీఎస్. చచ్చిన బ్యాటరీకి కూడా కిలోల లెక్కన రేటు పలుకుతుంది. దాన్ని తిరిగి పద్ధతిగా కంపెనీలకే చేర్చాలని 2001 నుంచి నిబంధనలున్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి. అయినా దేశంలో ఏ పెద్ద ఊరి శివారుకు వెళ్లినా రేకుల షెడ్లు కనిపిస్తాయి. బ్యాటరీని బోర్లించి ఆసిడ్ పారబోస్తారు. డబ్బా పగలగొట్టి ప్లేట్లు లాగుతారు. వాటికి అంటుకున్న బూడిదరంగు ముద్ద ఎండి పొడై రాలుతుంది. ప్లేట్లు భట్టీలోకి పోతాయి. ఆ పొడి మాత్రం పనివాడి గోళ్లలో, చొక్కా మడతల్లో, టిఫిన్ డబ్బా మూత మీద ఇంటికొస్తుంది. నాన్న వచ్చాడని పరుగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకునే పిల్లకు అదే అందుతుంది. పదిహేనేళ్ల కుర్రాణ్ని 'హెల్పర్' పేరుతో అలాంటి షెడ్డులో పెడితే సరాసరి వాడికే. పద్నాలుగు నుంచి పద్దెనిమిది ఏళ్ల వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 2016లో చట్టం సవరించారు. ఆ చట్టం సంగతి రేకుల షెడ్డుకు ఎవరు చెప్పాలి?

రంగుల్లో సీసం ఇంకొకటి. ఇంటి రంగుల్లో పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందే వేసిన పసుపు, ఎరుపు ఎనామిల్ పెచ్చులు మాత్రం పాత గేట్ల మీద, పార్కు ఉయ్యాలల మీద అలాగే ఉన్నాయి.

వృషభావతి నది సంగతి చెప్పకపోతే బెంగళూరు కథ పూర్తికాదు. బసవనగుడిలో నంది పాదాల దగ్గర పుట్టిందని భక్తుల నమ్మకం. ఇప్పుడు మైసూరు రోడ్డు పక్కన నల్లగా, నురగతో పారే మురుగు. పీణ్య వంటి పారిశ్రామిక వాడల వ్యర్థాలు, నగరం మురుగు మోసుకుంటూ బిడది దగ్గర బైరమంగల చెరువులో పడుతుంది. ఆ చెరువు కిందే పశువుల మేత, కూరగాయలు పండుతాయి. అక్కడి మట్టిలో, పంటల్లో భారలోహాలున్నాయని పరిశోధకులు చాలాసార్లు చెప్పారు. నగరం వదిలించుకున్నది కూరగాయల బుట్టలో నగరానికే తిరిగొస్తోంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు మన వార్తల్లో సీసం, నికెల్ పేర్లు మోగిపోయాయి. ఎయిమ్స్ పరీక్షల్లో అవి కనిపించాయి, ఆ తర్వాత అనుమానం పురుగుమందుల వైపు మళ్లింది. పది రోజుల్లో పేర్లు మరిచిపోయాం. అదే ఏడాది యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థల నివేదిక మన దేశంలో 27 కోట్లకు పైగా పిల్లల రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు దాటి ఉంటుందని అంచనా వేసింది. మూర్ఛ వచ్చి పడిపోతే ముఖ్యమంత్రి వస్తారు. లెక్కల పరీక్షలో పది మార్కులు తగ్గితే ట్యూషన్ మాస్టారు వస్తాడు.

ఇలాంటి విషాలు పిల్లల మెదడుకు చేసే చెరుపును ఇప్పుడు బెంగళూరులో చూస్తున్నది మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్‌హాన్స్. భారత, బ్రిటిష్ పరిశోధకులు కలిసి 'సీవేదా' పేరుతో 6 నుంచి 23 ఏళ్ల వాళ్లను పది వేల మంది దాకా చేర్చుకుని వెంట నడిచే పరిశోధన పెట్టుకున్నారు. దాని కేంద్రాల్లో మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ ఒకటి. ఆ బృందం 1,014 మంది పిల్లల్లో, యువకుల్లో, సీసం లాగే మెదడుకు విషమైన ఆర్సెనిక్‌ను మూత్రంలో కొలిచి, మెదడు స్కానింగులతో పోల్చి 2023లో ప్రచురించింది. ఆర్సెనిక్ ఎక్కువున్నవాళ్లలో మెదడులోని బూడిదరంగు పదార్థం కొన్నిచోట్ల తక్కువగా ఉంది, పనులు ఒక వరసలో పెట్టుకునే శక్తి కూడా తగ్గింది. తక్కువ మోతాదులోనే ఇది కనిపించింది.

మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ బ్యాటరీ పనో, లోహం కరిగించే పనో చేసేవాళ్లుంటే రెండు మాటలు చెప్పండి. షెడ్డులోనే చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని ఇంటికి రమ్మనండి. పిల్లాడికి చదువు ఎక్కడం లేదని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజున 'బ్లడ్ లెడ్' పరీక్ష ఒకటి రాయమని అడగమనండి. మొద్దు అనే మాట ఆ కాగితం చేతికొచ్చేదాకా ఆపండి.