బస్తరులో వినిపించిన పత్రిక

పత్రికల చరిత్ర అచ్చుయంత్రంతో ఆరంభమవుతుందని సామాన్యంగా భావిస్తారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించేనాటికి ఆయనకు అక్షరం చదవగల పాఠకులు, కొద్దిమందియే అయినా, సిద్ధంగా ఉన్నారు. బస్తరు గోండులకు అట్టి భాగ్యం లేకపోయింది.

గోండీ తెలుగుకు సోదరభాష. రెండూ దక్షిణమధ్య ద్రావిడ శాఖకు చెందినవే. 2011 జనాభా లెక్కలలో సుమారు 29 లక్షలమంది దానిని మాతృభాషగా పేర్కొన్నారు. ఐనను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో దానికి చోటు దొరకలేదు. పలు రాష్ట్రాలలో చెదిరియున్న ఈ భాషను ఒకచోట దేవనాగరిలో, మరొకచోట తెలుగు లిపిలో వ్రాస్తారు. సొంత లిపులు లేకపోలేదు. 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసరాం ఒక లిపిని కల్పించారు. ఆదిలాబాదు ప్రాంతపు గుంజాల గ్రామంలో మరొక లిపిలోని వ్రాతప్రతులు లభించాయి. ఇవి యూనికోడులో చేరింది 2017, 2018 సంవత్సరాలలో మాత్రమే.

ఇంతలో అక్షరంకోసం వేచియుండని ప్రయత్నమొకటి జరిగింది. బి.బి.సి.లో పనిచేసిన శుభ్రాంశు చౌధురి 2010లో ‘సీజీనెట్ స్వర’ను ప్రారంభించారు. బస్తరునుగూర్చి వ్రాసే విలేఖరులలో గోండీ తెలిసినవారు అరుదు కావడమే దీనికి ప్రేరణ. గ్రామస్థుడు టెలిఫోనులో తన మాట చెప్పేవాడు. యంత్రం దానిని పదిలపరచేది. సంపాదకులు నిజానిజాలు విచారించిన పిమ్మట, ఆ మాటను ఎవరైనా టెలిఫోనులోగాని, అంతర్జాలంలోగాని వినవచ్చు. అందని కూలి, రాని రేషను, పాడే పాట, అన్నీ హిందీతోపాటు గోండీలోను అక్కడ చేరాయి. పాటకూ ఫిర్యాదుకూ ఒకే పుటలో చోటిచ్చిన పత్రికయే అది.

అయితే చెవికి చేరినంతమాత్రాన భాషకు స్థిరత్వం రాదు. ఒక ప్రాంతపు గోండీ మరొక ప్రాంతంవారికి అంత సులభంగా బోధపడదు. అందుకే 2014నుండి వివిధ రాష్ట్రాల గోండులు కలిసి ప్రామాణిక నిఘంటువుకై కృషిచేశారు. హంపీలోని కన్నడ విశ్వవిద్యాలయం ఆ పనికి ఆశ్రయమిచ్చింది. మాట వినిపించిన తరువాతనే నిఘంటువు అవసరం ఇంత స్పష్టమైనదనడం అతిశయోక్తి కాదు.

గోండీకి దగ్గరి బంధువైన కోయ పలుకు సుక్మాలోను, భద్రాచలం పరిసరాలలోను వినవస్తుంది. ఫ్రెంచి, రష్యను నవలలను ఇంగ్లీషు ద్వారా తెచ్చుకున్న తెలుగు అనువాదకునికి ఈ భాషను చేరడానికి వారధి అక్కరలేదు. కొన్నాళ్లు కూర్చుండి వినే ఓపిక ఉంటే చాలు. గోండు గాయకుని పాటను ఆయన పేరుతోనే, ఆయన సమ్మతితోనే వ్రాసి నిలిపితే, అది రెండు భాషలకూ ఆస్తి అవుతుంది. పాడేవారు వృద్ధులవుతున్నారు, ఈ పనికి గడువు దీర్ఘమైనది కాదు.