ఉన్నచోటే ఉండే హమూర్, ఊళ్ళు తిరిగే వంజరం

సెలవు రోజు చేపల మార్కెట్‌కు వెళ్ళే మనవాళ్ళు రెండు పేర్లు తప్పకుండా వింటారు. ఒకటి హమూర్, రెండోది కింగ్‌ఫిష్. ఈ రెండోది మనకు కొత్తది కాదు. విశాఖ రేవులో వంజరం అనేది దీన్నే. అరబ్బులు కనద్ అంటారు, మలయాళీ సోదరులు నెయ్‌మీన్ అంటారు. రెండూ గల్ఫ్ సముద్రంలోవే. కానీ రెండిటి బతుకూ వేరు, కథా వేరు.

హమూర్ రాళ్ళ సందుల్లో, పగడపు దిబ్బల దగ్గర కాపురముండే చేప. ఒంటినిండా నారింజ రంగు మచ్చలు. ఎర దగ్గరికి వచ్చేదాకా కదలకుండా కాచుకుంటుంది. ఇరవై ఏళ్ళ దాకా బతుకుతుంది. మొదట ఆడచేపగా పెరిగి, పెద్దయ్యాక కొన్ని మగచేపలుగా మారతాయి. పెద్ద చేపల్ని ఏరి పట్టేస్తే మగవి కరువవుతాయన్నమాట.

వంజరం అలా కాదు. వెండి రంగు పొడవాటి ఒళ్ళు, దాని మీద నిలువు చారలు. చిన్న చేపల గుంపుల్ని తరుముతూ ఒక దేశం నీళ్ళలోంచి మరో దేశం నీళ్ళలోకి పోతుంది. త్వరగా పెరిగి, సుమారు రెండేళ్ళకే గుడ్లు పెట్టే ఈడుకు వస్తుంది.

పట్టే తీరూ వేరే. వంజరానికి గాలం, వల. హమూర్‌కు గర్గూర్ అనే గుమ్మటం లాంటి బోను. పూర్వం దాన్ని ఖర్జూరపు మట్టలతో అల్లేవారు. ఆ రోజుల్లో ఈ తీరానికి ముత్యాలే పెద్ద ఆదాయం. 1930లలో జపాన్ సాగు ముత్యాలు, ప్రపంచ మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. తర్వాత చమురు వచ్చింది. బహ్రెయిన్‌లో 1932లో, కువైట్, సౌదీలలో 1938లో బయటపడింది. అబుదాబి 1962లో ఎగుమతి మొదలుపెట్టింది.

చమురుతో పట్టణాలు పెరిగాయి, తినే నోళ్ళు పెరిగాయి. పడవలకు ఇంజన్లు వచ్చాయి. మట్టల గర్గూర్ పోయి ఇనుప తీగ గర్గూర్ వచ్చింది. తాడు తెగి అడుగున పడినా ఆ తీగ బోను చేపల్ని పడుతూనే ఉంటుంది. లోపల చిక్కినవి అక్కడే చస్తాయి.

ఫలితం లెక్కల్లో తేలింది. యూఏఈలో 1978 నాటి సర్వేతో పోల్చితే 2002 నాటికి అడుగున తిరిగే చేపలు సుమారు 80 శాతం తగ్గాయి. 2019లో అబుదాబి గర్గూర్‌ను నిషేధించింది.

ఇల్లు కదలని హమూర్‌ను ఒక ప్రభుత్వం తన నీళ్ళలో కాపాడుకోవచ్చు. సరిహద్దులు దాటే వంజరానికి ఒక్క దేశం కట్టడి చాలదు. ఒమన్‌లో ఏటా ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 15 దాకా దీని వేట ఆపుతారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు ఆపుతారు కదా, అలాంటిదే. పొరుగు దేశాలూ ఆగితేనే ఫలం దక్కుతుంది.

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. ఈ పడవల్లో పనిచేసేవాళ్ళు చాలామంది మనలా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే. వేటలో వాటాయే జీతమైనచోట చేప తగ్గితే ముందు తగ్గేది వాళ్ళ సంపాదన.

యూఏఈ నిబంధన ప్రకారం హమూర్ 45 సెంటీమీటర్లు, వంజరం 65 సెంటీమీటర్లు ఉండాలి. మెస్‌కు చేప తెచ్చే అన్నలు చవగ్గా వచ్చిందని పిల్ల చేపలతో సంచి నింపకండి. గుడ్డు పెట్టకముందే కూరైపోతే వచ్చే ఏడు మార్కెట్లో ధర అడగడానికి కూడా చేప మిగలదు.