ఎన్ స్కేల్ డీజిల్ ఇంజన్ల ఎంపిక

ఎన్ స్కేల్: పట్టాల మధ్య 9 మిల్లీమీటర్ల వెడల్పుండే నమూనా రైల్వే కొలత. ‘తొమ్మిది’కి ఆంగ్ల, జర్మన్ పదాల తొలి అక్షరమే దీని పేరైంది. అమెరికా నమూనాల నిష్పత్తి 1:160, బ్రిటన్‌వి 1:148.

పరిమాణం: అమెరికా సరకు రవాణాలో నేడు కనిపించే ఈఎండీ సంస్థ ఎస్‌డీ70ఏసీఈ, జీఈ సంస్థ ఈఎస్44ఏసీ ఆరు ఇరుసుల ఇంజన్లు. ఎన్ స్కేల్‌లో వీటి పొడవు సుమారు 14 సెంటీమీటర్లు. నాలుగు ఇరుసుల జీపీ38-2 సుమారు 11 సెంటీమీటర్లే. బల్ల చిన్నదై మలుపులు బిగువుగా ఉంటే పొట్టి ఇంజనే నయం. పొడవైనది పట్టాలు తప్పకపోయినా, దాని ముక్కు మలుపు బయటికి పొడుచుకొచ్చి చూపుకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

కాలం: 2005లో అమెరికాలో రైలు ఇంజన్లకు టైర్-2 ఉద్గార నిబంధనలు అమలయ్యాయి. ఆ తరానికి చెందిన ఈఎస్44ఏసీని వెనుక భాగంలో రెక్కల్లా బయటికి చాచిన పెద్ద రేడియేటర్‌తో గుర్తుపట్టవచ్చు. దాని వెనుక 1950ల నాటి వ్యాగన్లు కడితే పొసగదు.

పనితీరు: ఇంజన్ తేలికైనది కాబట్టి చక్రాలన్నీ పట్టాల నుంచి విద్యుత్తు అందుకోవాలి. రబ్బరు పట్టీ తొడిగిన చక్రం లాగుడు పెంచుతుంది గానీ విద్యుత్తు అందుకోదు. పట్టాలు చీలే చోట నత్తనడకన నడిపి చూడటమే అసలు పరీక్ష: ఆగకుండా దాటితే మంచి ఇంజన్.

నియంత్రణ: ఒకే పట్టాలపై పలు ఇంజన్లను విడివిడిగా నడపాలంటే డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) ఆదేశాలను అందుకునే డీకోడర్ ఇంజన్‌లో కావాలి. లోపల అది అమర్చే చోటుందో లేదో కొనేముందే చూడాలి.