ప్రజ, ఓటరు, కొనుగోలుదారు

శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం చెరువు, దాని ఒడ్డున రంగనాయకస్వామి ఆలయం వనపర్తి సంస్థానాధీశుల ఏలుబడికి ఆనవాళ్లు. ఆ కాలంలో రైతు మనసులో ఏమున్నదో రాజు తెలుసుకోవలసిన పని లేదు. శిస్తు చెల్లితే చాలు. ఆ వంశానికే చెందిన రాజా రామేశ్వరరావు 1957లో మహబూబ్‌నగర్ నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. శిస్తు పుచ్చుకున్న యింటివారు ఓటు అడగవలసి వచ్చింది. అడగటం మొదలయిందంటే, ఎట్లా అడగాలన్న విద్యకూ గిరాకీ పుట్టిందన్నమాట.

ఆ విద్య తొలి రూపం గుర్తు. 1951-52 ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిమీద ఒక బొమ్మ. చదువురానివారే ఎక్కువైన దేశంలో, బీడీకట్టమీది బొమ్మను బట్టి సరుకును పోల్చుకున్నట్లే పెట్టెను పోల్చుకున్నారు. సరిగ్గా 1952లోనే అమెరికాలో, అనాసిన్ మాత్రల ప్రకటనలకు పేరుపడ్డ రోసర్ రీవ్స్, ఐసెన్‌హోవర్ కోసం టెలివిజన్‌లో చిన్న చిన్న ప్రకటనలు తయారుచేశాడు. నాయకుణ్ణి కూడా మాత్రలాగే అమ్మవచ్చునని తేలింది. కాని అదే సమయంలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డికి నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు యిచ్చారు. అది బొమ్మ మహిమ కాదు, పోరాటం మహిమ.

తెలుగునాట ఈ రెండు దారులూ 1983లో కలిశాయి. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు తొమ్మిది నెలలకే అధికారానికి వచ్చాడు. తెరమీద పరిచయమైన ముఖం, చైతన్యరథం జనాన్ని రప్పించాయి. కిలో రెండు రూపాయల బియ్యం ధర కట్టిన వాగ్దానం. అంగడి భాషలో చెప్పిన మాటే. అయినా దాని వెనుక వున్నది కల్పించిన కోరిక కాదు, నిజమైన ఆకలి. అందుకని పేదవాడు ఓటుకు బియ్యం కోరటాన్ని ఈసడించేవారితో మనం గొంతు కలపలేము.

తరువాత ఈ విద్య వృత్తిగా మారింది. 2019 ఎన్నికలకు ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు ఐ-ప్యాక్ సంస్థ పనిచేసింది. 2023లో తెలంగాణ కాంగ్రెస్ ఆరు ‘గ్యారంటీలు’ ప్రకటించి గెలిచింది. ఆ మాట ఎక్కడిది? గడియారానికి, ఫ్యానుకు దుకాణదారు యిచ్చే మాట అది. ఐతే ఫ్యాను చెడితే 1986 నాటి వినియోగదారుల చట్టం పుణ్యమా అని ఫోరానికి వెళ్లే దారి ఏర్పడింది. మేనిఫెస్టో వాగ్దానాలు అవినీతి ఆచరణ కిందికి రావని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది, అంతవరకే. కొనుగోలుదారుకున్న హక్కు కూడా ఓటరుకు లేకుండా, కొనుగోలుదారు పేరు మాత్రం దక్కింది.

అసలు నష్టం మరొకటి. కొనేవాడు ఒంటరివాడు. అతని కులం, వయస్సు, అవసరం లెక్కగట్టి ఎవరి వాగ్దానం వారికి యిస్తారు. ఊరు లబ్ధిదారుల జాబితాగా విడిపోతుంది. పింఛను ఒక చేతిలో పెట్టవచ్చు; చెరువునీరు అట్లా పెట్టలేరు. బడి, ఆస్పత్రి, వలసపోకుండా ఊళ్లోనే దొరికే పని కూడా అటువంటివే. పాలమూరు కూలీ దశాబ్దాల తరబడి దూరదేశాలకు మూట కట్టుకొని పోయింది వీటి లేమివల్లనే. ఉమ్మడిగా అడిగితేనే వచ్చేవి యివి.

రాజు కింద ప్రజగా వున్నవాడు ఓటరు కావటానికి పోరాటాలు జరిగాయి. ఆ ఓటరును అంగట్లో నిలబెట్టి, ‘నీకేం కావాలి?’ అని అడగటం ప్రజాస్వామ్యానికి చివరిమెట్టు కాదు. ‘మనకేం కావాలి?’ అని శ్రీరంగాపూర్ రచ్చకట్టమీద జనమే కూర్చొని తేల్చుకొన్ననాడు ప్రచారకర్త అమ్మేవాడుగా కాక, వినేవాడుగా రావలసి వుంటుంది.