కడుపు మీద మోపిన నింద

'గ్రహణమొర్రి' అన్న మాట తీసుకోండి. బిడ్డ పెదవి చీలి పుడితే, గ్రహణం పూట తల్లి ఏ కూరగాయో తరిగి ఉంటుందన్న తీర్పు ఆ మాటలోనే ఉంది. తండ్రి ఆ పూట ఎక్కడున్నాడో అడగరు. మా కోడుమూరు వైపు కుదురులేని పిల్లవాడి విషయంలోనూ అంతే. 'కడుపుతో ఉన్నప్పుడు ఏం తింటివో, యాడ తిరిగితివో' అని అత్త మొదలుపెడుతుంది.

శాస్త్రం మాట తీరు వేరు, వేలు చూపించేది మాత్రం చాలాకాలం అటే. 1902లో లండన్‌లో జార్జి స్టిల్ అనే వైద్యుడు ఇలాంటి పిల్లల్లో ఉన్నది నైతిక నిగ్రహలోపం అన్నాడు. 1980లో అమెరికన్ మానసిక వైద్యులు దాన్ని ఏకాగ్రతాలోపంగా పేరు మార్చారు. 1987 నుంచి అది ఎ.డి.హెచ్.డి. అల్లరి చెయ్యకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల వీటన్నిటిలోనూ లెక్కకు రాకుండా జారిపోతూనే వచ్చింది.

కవలల అధ్యయనాలు వంశపారంపర్యత సుమారు 74 శాతం అంటున్నాయి. ఒక పిల్లవాడి సమస్యలో 74 పాళ్ళు జన్యువులదని కాదు దీనర్థం. జనంలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో అంతభాగం జన్యువులతో ముడిపడి ఉందని. 2023 నాటికి ఈ లక్షణంతో సంబంధమున్న 27 జన్యుస్థానాలను గుర్తించారు. అలాంటివి ఎన్నో కలిస్తేనే ప్రభావం. ఆ జన్యువుల్లో సగం తండ్రివని మళ్ళీ గుర్తు చెయ్యాల్సి రావడమే విచిత్రం.

నాకు బాగా నచ్చినది 2009లో అనితా థాపర్ బృందం ప్రచురించిన పరిశోధన. గర్భిణిగా పొగతాగితే బిడ్డకు ఏకాగ్రత ఉండదని అప్పటిదాకా గట్టిగా నమ్మేవారు. వీళ్ళు కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లల్ని చూశారు. వారిలో కొందరికి మోసిన తల్లితో జన్యుసంబంధం లేదు. పొగ వల్ల బరువు తగ్గడం రెండు రకాల పిల్లల్లోనూ కనిపించింది. ఏకాగ్రతాలోపంతో సంబంధం మాత్రం సొంత జన్యువులున్న జంటల్లోనే చాలా ఎక్కువ. గర్భం ఖాతాలో రాసినదాంట్లో కొంత వంశానిదన్నమాట.

అలాగని గర్భవాతావరణం ఉత్తమాట కాదు. నెలలు నిండకుండా పుట్టడం, సీసం, పురుగుమందులు - వీటి మీద సాక్ష్యం ఉంది. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో వ్యవసాయ కూలీ కుటుంబాల తల్లులనీ పిల్లలనీ ఏళ్ళ తరబడి గమనించారు. గర్భంలో ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఎక్కువగా తగిలిన పిల్లల్లో ఐదేళ్ళకు ఏకాగ్రత సమస్యలు ఎక్కువని 2010లో తేల్చారు. ఈ మందుల విషాన్ని విరిచే ఎంజైమ్ ఒకటుంది. పి.ఓ.ఎన్.1 అనే జన్యువును బట్టి దాని చురుకు మనిషికో తీరుగా ఉంటుంది. చేను ఒకటే, మందు ఒకటే, తగిలే దెబ్బ ఒకటి కాదు.

ఇది చదువుతుంటే నాకు ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి సుగ్గికి పోయే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. వానలు మొగం చాటేస్తే ఇళ్ళకు తాళాలేసి గుంటూరు మిరపచేలకు పోతారు. కడుపుతో ఉన్నా పోతారు. 'యాడ తిరిగితివో' అన్న ప్రశ్నకు వాళ్ళ దగ్గర జవాబుంది. ఆ చేలో ఏ మందు కొట్టారో, కొట్టిన ఎన్నాళ్ళకు కాయ కోయించారో చెప్పాల్సినవాళ్ళు వేరే ఉన్నారు.