కన్యాశుల్కంలో తిట్లు: 'వెధవ', 'ముండ' పదాల సామాజిక సాక్ష్యం

కల్పనాసాహిత్యంలో తిట్లను పాత్రోచితభాష పేరిట సమర్థించడం పరిపాటి. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'లో మాత్రం తిట్టు ఇతివృత్తంలోనే భాగం. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో ఎంతో మార్పుతో పునర్ముద్రితమైన ఈ నాటకం వ్యావహారికాన్ని ఆశ్రయించింది. గ్రాంథికం గడప దాటనివ్వని ఇంటిమాటలు ఆ దారినే గ్రంథస్థమయ్యాయి.

వాటిలో 'వెధవ', 'ముండ' అన్నవి ప్రత్యేకంగా గమనించదగినవి. మొదటిది సంస్కృత 'విధవా' శబ్దం నుండి వచ్చింది. రెండవది శిరోముండనానికి గురైన వితంతువును స్ఫురింపజేస్తుంది. వైధవ్యాన్ని తెలిపే మాటలే నిందావాచకాలయ్యాయి. 'వెధవ' పురుషులకు సైతం తిట్టయింది. కోపిష్ఠి అగ్నిహోత్రావధాన్ల ఇంట బాలవితంతువు బుచ్చమ్మ ఉంది. అక్కడ ఈ మాట ఎవరిని ఉద్దేశించి వెలువడినా, దాని మూలార్థం ఆమె స్థితినే తాకుతుంది. సంస్కర్తలు ఉపన్యాసాలలో ఖండించిన దురాచారాన్ని ఇక్కడ నోటి అలవాటు బయటపెడుతుంది.

కావున సభ్యత పేరుతో పాఠ్యభాగాలలో ఈ పదాలను తొలగిస్తే పోయేది అసభ్యత కాదు. వైధవ్యాన్ని నిందగా మార్చుకున్న సమాజం తన నోటితో తానిచ్చిన సాక్ష్యం. అలాగని తిట్టు ఉన్నంతమాత్రాన సంభాషణకు సహజత్వం సిద్ధించదు. ఆ మాట ఎవరి బతుకు నుండి పుట్టిందో, ఎవరి చెవిన పడుతున్నదో రచన స్ఫురింపజేసినప్పుడే దాని ప్రయోగం సార్థకమవుతుంది.